అరువు కుర్చీలు

మా ఆఫీసులో ఉన్నవి పదకొండు కుర్చీలు,
రెంటికి కాళ్లు కుదురు లేవు.
అందుకే నెలనెలా రెండో మంగళవారం
టకెట్ వాళ్ల అంత్యక్రియల గృహం నుంచి
నలభై అరువు తెస్తాం.
వీపు మీద బంగారు అక్షరాల్లో వాళ్ల పేరు, ఫోను నంబరు.
మీటింగుకొచ్చినవాళ్లు ముందు అది చదివి
తరవాత కూర్చుంటారు.

కొండల సందున ఇరుకు జిల్లా మాది,
కెంటకీ పటం మీద బొటనవేలు ఆనిస్తే కనబడదు.
గనులు మూతబడి పన్నెండేళ్లు.
మనుషుల నడుములు మాత్రం ఇంకా పైకి రాలేదు.
ఆ నొప్పికి మొదట మాత్రలొచ్చాయి,
మాత్రలు ఆగాక పొడి వచ్చింది,
పొడి వెనకాలే హార్లన్ టకెట్ ఫోన్లు.

"జెనీవా, ఈ నెల్లో నాలుగోది. ఇరవై ఆరేళ్లు.
సూటు వాళ్ల నాన్నది. భుజాల దగ్గర వదులైంది."

రాజధాని నుంచి అంకెలు రావడానికి తొమ్మిది నెలలు.
హార్లన్ దగ్గర అంకెలుండవు, కొలతలుంటాయి.
నా మొదటి భాగస్వామి అతనే.
తన గిరాకీ తగ్గించమని
రోజూ నన్ను పోరే వ్యాపారి
ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి.

డెల్మర్ క్షౌరశాలలో, అద్దం పక్కన,
ఊపిరి నిలిపే ముక్కు స్ప్రే పెట్టె పెట్టించడానికి
మూడుసార్లు జుట్టు కత్తిరించుకున్నాను.
మూడోసారికి కత్తిరించడానికేం మిగల్లేదు,
అతనే జాలిపడ్డాడు.
స్కూలు బస్సు రౌనా సీటు కింద ఒకటి పెట్టుకుంది.
చేపల ఎర అమ్మే కొట్లో
వానపాముల డబ్బాల పక్కన ఇంకోటి.

సిస్టర్ ఓపల్ మాత్రం ససేమిరా అంది.
పైకొండ చర్చిలో ఆవిడ మాటకు తిరుగులేదు.
"చావు తప్పుతుందని తెలిస్తే ఎవడు మానతాడు?"
నలభై కుర్చీల ముందు నిలబడి అడిగింది.
దానికి నా దగ్గర స్లైడు ఉంది. పన్నెండోది.
చూపించాను. నెగ్గాను.
ఆ తరవాత ఏడు నెలలు
ఆ కొండ మీంచి ఒక్క మనిషి కిందికి దిగలేదు.

ఎనిమిదో నెల
వాళ్లు బీన్స్ నార తీసే రోజు చూసుకుని వెళ్లి
ఓ గిన్నె ఒళ్లో పెట్టుకున్నాను.
మందు ఊసెత్తలేదు.
ఎవరి కోడలు ఎవరితో మాట్లాడడం లేదో అంతా విన్నాను.
వచ్చేటప్పుడు చర్చి వంటగది గూట్లో
ఉప్పు డబ్బా వెనక
ఒక పెట్టె మరిచిపోయాను.
మరిచిపోవడం మా శాఖ నిబంధనల్లో లేదు.
ఓపల్ చూసింది. చూడనట్టు
బీన్స్ కడిగింది.

నవంబరులో, వానలో, ఆఫీసు మూసే వేళకి
గుమ్మంలో ఆవిడ.
గొడుగు మూయకుండానే
"ఆ పెట్టె ఖాళీ అయింది" అంది.
కోటు గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంది.
ఎవరికని అడగలేదు.
నిలిచిందా అనీ అడగలేదు.
పోయినవాళ్ల కోసమైతే
ఆవిడ హార్లన్ గుమ్మంలో ఉండేది,
నా గుమ్మంలో కాదు.
రెండు పెట్టెలిచ్చి
సంతకం గడి ఖాళీగా వదిలాను.

రాష్ట్రం పంపిన ఫారంలో ఈ ఏడూ అదే ప్రశ్న:
భాగస్వామ్య సంస్థలు ఎన్ని?
పద్నాలుగు అని రాసి కొట్టేశాను.
ఉప్పు డబ్బాను లెక్కలో వేయాలో వద్దో
ఎవరినడగాలో తెలీదు.

మొన్న మంగళవారం కుర్చీలు తిరిగిస్తుంటే
ముప్పై తొమ్మిదే తేలాయి.
ఒకటి పైకొండకు పోయింది,
చర్చి పొయ్యి పక్కకి,
అర్ధరాత్రి ఎవరైనా తలుపు తడితే కూర్చోబెట్టడానికి.
హార్లన్ రెండుసార్లు లెక్కపెట్టాడు.
వ్యాను తలుపు వేసి, కాసేపు నిలబడి,

"దాని వీపు మీద నా నంబరు ఉంటుంది,
గీకేయమను" అన్నాడు.