గీతలు

పొద్దున్న ఆరింటికి ఫిషింగ్ హార్బరు షెడ్డులో
రొయ్యపొట్టు కోసం సంచీ పట్టుకుని నిలబడతాను.
గరికిన నూకరత్నం తలెత్తకుండానే
"ఏటమ్మా, ఇయాల కూడా సెత్తకేనా?" అంటుంది.
ఆమె వేళ్ల మధ్య రొయ్య ఒక్క విదిలింపుకి చొక్కా విడుస్తుంది.
కండ ఐసులోకి,
పొట్టు నాకు.
డబ్బులిస్తే తీసుకోదు,
చెత్త అమ్ముకోవడం నామోషీ అట.

పెదవాల్తేరు ఎత్తు మీద మా ల్యాబు.
ఆమ్లంలో నానబెడితే పొట్టులో సున్నం పోతుంది.
క్షారంలో మరిగిస్తే మాంసకృత్తులు పోతాయి.
మిగిలింది కరిగించి, అచ్చులో పోసి, గడ్డ కట్టిస్తాను.
ఐసు తన పలుకులతో లోపల గదులు కడుతుంది.
ఆ ఐసుని నీరు కానివ్వకుండానే
ఆవిరిగా బయటికి పంపేస్తాను.
గదులుంటాయి. కట్టిన మేస్త్రీ ఉండడు.

తెల్లటి బిళ్ల.
అట్టుకున్నన్ని చిల్లులు, కంటికి ఆననంత చిన్నవి.
కాలిన చోట పెడితే
చుట్టుపక్కల కణాలు గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడి
ఒక్కొక్కటే లోపలికొచ్చి కాపురం పెడతాయి.
వెనకే నెత్తురు సన్నని సందులు వేసుకుంటూ వస్తుంది.
ఈలోగా గోడలు కరిగిపోతుండాలి.
తొందరపడితే కాపురం కూలుతుంది,
ఆలస్యమైతే కొత్త చర్మానికి ఊపిరాడదు.
మూడేళ్లుగా నా గొడవంతా ఆ కాసిని రోజుల లెక్కే.

మొన్న ఎలుక వీపు మీద, ఇరవై రెండో రోజున
బిళ్ల లేదు.
గులాబీరంగు చర్మం ఉంది.
ఎవరికి చెప్పాలో తెలీక హార్బరుకి వెళ్లాను.

ఫోనులో ఫొటోని ఆమె చాలాసేపు చూసింది.
"నా పొట్టేనా?"
తర్వాత చేతులు కొంగుకి తుడుచుకుని నా ముందు చాపింది.
పంతొమ్మిదేళ్లు రొయ్యనీరు తిన్న వేళ్లు.
కొసలు అరిగిన అర్ధరూపాయి బిళ్లల్లా నున్నగా.
రేషన్ డిపోలో మిషను
బొటనవేలు పెట్టిన ప్రతిసారీ
ఈమె ఈమె కాదంటుందట.
ఈ నెల బియ్యం రాలేదు.

"ఇక్కడతికిస్తే తోలొస్తాదా?"
రావచ్చు అన్నాను, ఇంకా చాలా ఏళ్లు పడుతుంది గానీ.
"గీతలొస్తాయేటి?"

రావు.
అవి తల్లి కడుపులో ఒక్కసారే పడతాయి.
ఆ అచ్చు మా దగ్గర లేదు.

"సర్లే" అంది నూకరత్నం.
సంచీలో ఇంకో రెండు దోసిళ్ల పొట్టు
ఎక్కువే వేసింది.