మూడో గడి

మా పశువుల ఆసుపత్రి రిజిస్టరులో
మూడో గడి పైన ‘పేరు’ అని ఉంటుంది.
చేరిన కొత్తలో యజమానిది రాసేశాను.
అది రెండో గడమ్మా, అన్నారు డాక్టరుగారు,
మూడోది నోరులేనివాళ్ళది.

పన్నెండేళ్ళుగా నింపుతున్నాను.
అంగుళం గడి.
చుట్టుపక్కల ఊళ్ళ వేళాకోళమంతా
అందులోనే పట్టాలి.

ఊడిమూడి నుంచి టైగరు వచ్చాడు.
సూది చూసి నా బల్ల కిందకి దూరాడు,
తోక బయటే మర్చిపోయాడు.

శాంత అని ఒక గేదె.
ఆవిడ వచ్చి వెళ్ళిన రోజు నుంచీ
మా గేటు ఒక పక్కకి ఒరిగే ఉంది.

వానపల్లి నల్లపిల్లి పేరు కలెక్టరు.
ఎందుకండీ అంటే,
‘గోదారి గట్టెక్కితే గానీ మా ఇంటికి రాదండి.
వచ్చినా గుమ్మంలోంచి చూసి ఎళ్ళిపోద్ది, ఆయ్.’
నవ్వాపుకోలేక నా అక్షరం వంకరపోయింది,
ఇప్పటికీ అలాగే ఉంది చూడండి, నూటపదో పేజీలో.

కొప్పినీడి శివయ్యగారి పుంజు డేగ,
ఈక రంగుని బట్టి.
బరిలో దింపితే ఎదటి పుంజు కాళ్ళ దగ్గర
గింజలేరుకుని తినొచ్చిందట.
ఆయన ఆరేళ్ళ కూతురు నా చెవిలో చెప్పింది:
దీని అసలు పేరు చిట్టెమ్మ.
పుంజు కదమ్మా?
‘దానికి తెలీదు.’
రెండు పేర్లూ రాశాను, మధ్యలో చిన్న గీత పెట్టి.

పేరుకి తగ్గట్టు పెరుగుతాయా,
పెరిగాక తగ్గ పేరు దొరుకుతుందా,
ఇలా ఏదో ఒకటి వాగుతూనే ఉంటే
డాక్టరుగారు కళ్ళజోడు దించి
‘నీ పేరు మౌనిక కదూ?’ అన్నారు.

ఒకరోజు లంక నుంచి బొంతు ఏసురత్నం తాత వచ్చాడు,
తాడు లేని కుక్కతో.
పేరేంటి తాతా?
‘పేరేటమ్మా దీనికి, ఒరేయ్ అంటే వత్తాది.’
పేరు లేకపోతే టీకా వెయ్యరు, అని అబద్ధమాడాను.
తాత చాలాసేపు కుక్క వంక చూశాడు.
‘పేరెట్టిన రెండిట్నీ వరద అట్టుకుపోయిందమ్మా.
పేరుంటే
రేత్రంతా నీళ్ళల్లోకి కేకెయ్యాల.’

రాశాను.
పేరు: ఒరేయ్. మగ. గోధుమ రంగు. ఎడమ చెవి సగం.

రెండో టీకా నాడు వరండాలోకి వచ్చి
‘ఒరేయ్!’ అని పిలిస్తే
నలుగురు మగాళ్ళు లేచారు.
కుక్క ఐదోది.
తాత అంతలా నవ్వడం అదే చూడటం.

కార్తీకంలో ఆయన్ని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.
కుక్క రేవు దాకా వచ్చింది.
ఆటోలో ఎక్కనివ్వలేదు.

రేవులో ఆ మాట ఎన్నిసార్లు అంటామో
అప్పటిదాకా ఎవరం లెక్కపెట్టుకోలేదు.
తాడు విసిరేవాడు,
ఎరువు బస్తా దించేవాడు,
అరటిగెలల లారీని వెనక్కి తీయించేవాడు...
ఒరేయ్. లేచేది.
ఒరేయ్. రెండడుగులు వేసి, మొహం చూసి,
మళ్ళీ వచ్చి అదే చోట కూర్చునేది.
పొద్దుటి నుంచి డెబ్భైసార్లు లేచిందక్కా,
అన్నాడు టిక్కెట్లు కోసే కుర్రాడు
తప్పంతా తనదే అయినట్టు.

ఎవరు మొదలుపెట్టారో తెలీదు.

మొన్న స్కూటీ ఎక్కించి పంటు మీద దాటుతున్నాను.
ఒడ్డు దగ్గరపడింది.
సరంగు గొంతు సవరించుకుని
తాడు పట్టాల్సిన పదహారేళ్ళ వాడిని కేకేశాడు:

‘పులపర్తి వీర వెంకట సత్యన్నారాయణా!’

వాడు తుళ్ళిపడి, తననే అని తెలుసుకుని,
తాడందుకున్నాడు.
గట్టు మీద కుక్క
ముందుకాళ్ళ మీద తలపెట్టుకుని
పడుకునే ఉంది.