సున్న నేర్పుడు

నిజ్వా సనాయియాల, టైర్ల దుకాణం ఎనుక మా షెడ్డు.
బండి కంటె ముందు డ్రైవర్ మొఖం సూస్త నేను.
సగం రోగం ఆడ్నే దొరుకుతది.

ఇయ్యాల వచ్చినోడు అంబాజీ.
బాల్కొండ దిక్కు పిలగాడు,
జెబెల్ అఖ్దర్ మీదికెల్లి
దానిమ్మకాయలు దింపే పికప్ నడుపుతడు.
"ముత్తెన్నా, బండికి దయ్యం పట్టింది" అన్నడు.
"నేను సక్కగనే పోతున్న,
అది నన్ను జారుతున్నవంటది.
పసుపు దీపం, ఎనుక రెండు పాములు గీసిన కారు బొమ్మ,
ఎలుగంగనే ఎడమ చక్రం తనంతట తనే పట్టేస్తది.
కాలు బ్రేకు మీద లేదన్నా, ఒట్టు.
మలుపుల కాడ, లోయ పక్కన,
ఎవలో పక్క సీట్ల కూసోని స్టీరింగు గుంజినట్టు."

అర్బాబుకు చెప్తే
నల్ల టేపు ముక్క దీపం మీద అతికి
"ఖల్లివల్లి, ఇగ రాదు" అన్నడట.
టేపు సూసిన. అంచులు దుమ్ముకు లేసినయి.
గోటితో పీకితే కింద దీపం ఎలుగుతనే ఉన్నది,
ఎన్ని దినాల సంది పిలుస్తున్నదో.

ఈ నెల ఇది నాలుగో బండి.
మొన్న బర్కా నుంచి చేపలు తెచ్చే బలూచీ ముసలాయన
మెల్లగ ఆపుతుంటె పెడలు కాలికింద
పట్టుకున్న కోడిపిల్ల లెక్క కొట్టుకుంటదన్నడు.
చక్రం సెన్సారు నిండ ఇనుప రజను.
పాత పళ్ల బ్రష్షుతోని తుడిచిన. రెండు రియాళ్లు.
మీదికెల్లి ఒక చేప.

అంబాజీ బండి అంత అల్కగ దొరకలే.
బ్రేకు నూనె మంచిగుంది. ప్యాడ్లు సగమున్నయి.
నాలుగు చక్రాల సెన్సార్లు నాలుగు సాక్షుల లెక్క
ఒక్కటే మాట చెప్తున్నయి.
పొద్దు నెత్తిమీదికొచ్చింది, రేకుల షెడ్డు పెనమైంది.
అప్పుడు యాదికొచ్చి అడిగిన:
"ముందటి చక్రాల పని ఎవలన్న చేసిండ్రా?"
"రంజాన్ ముంగట. రాయి తాకితే
ఇజ్కీల ఒక రాడ్డు మార్పిచ్చినం."

అగో.
రాడ్డు మార్చినోడు చక్రాలు సక్కగ చేసిండు,
స్టీరింగు సక్కగ పెట్టిండు,
బండి మెదడుకు మాత్రం చెప్పలే.
అదింక పాత నేరునే నేరనుకుంటున్నది.
పిలగాడు ముంగటికి పోతుంటె
దాని లెక్కల ఎడమకు తిరుగుతున్నడు.
కాపాడుదామనే పట్టుకుంటది, పాపం.
ఆ కాపాడుడే లోయ దిక్కు నూకుతది.

లాప్‌టాపు సంకల పెట్టుకోని సదును జాగ ఎతికినం.
సనాయియాల సదునేడిది?
అంత నూనె గుంతలు, విప్పిన ఇంజన్లు.
ఆఖరికి మసీదు ఎనుక సిమెంటు నేల.
సీసాల నీళ్లు పోసి సూసిన, ఎటూ పారలే.

"స్టీరింగు నడుమ పట్టుకో. ఊపిరి కూడ తీయకు."
తమాషకన్న.
వాడు నిజంగనే బిగబట్టిండు.
వాడి చేతులు సక్కగున్నయి, చక్రాలు సక్కగున్నయి,
తెర మీద మాత్రం: ఎడమకు ఏడున్నర డిగ్రీలు.
బటన్ ఒత్తిన.
సున్న.

నమ్మలేక ఇద్దరం కొండెక్కినం.
పోలీసు చౌకీల టైర్లు తన్ని సూసి వదిలిండు.
పైన చాయ తాగి, చిన్న గేరుల దిగుడు మొదలుపెట్టినం.
మొదటి మలుపు. రెండోది.
బ్రేకు ఫెయిలైన లారీల కోసం పోసిన కంకర గుట్ట దాటినం.
దీపం రాలే. చక్రం పట్టలే.

అయినా బండి కొంచెం కొంచెం కుడికే పోతున్నది.
మల్ల ఏం తప్పిందా అని సూస్తే
వాడి చేతులు:
రాని గుంజుడుకు ఎదురు
మణికట్టు నరాలు తేలేటట్టు కుడికి బిగిసున్నయి.

"వదులు చెయ్యిరా" అన్న.
"చేసిన కదన్నా" అన్నడు,
కండ్లు రోడ్డు మీదికెల్లి తియ్యకుంట.
చెయ్యలే.