సుడిగీతలు

లియెపాయలో ఎండ చుట్టంచూపుగా వస్తుంది.
వచ్చిన రోజు చాడీలు చెబుతుంది.
నల్ల వోల్వో బానెట్ మీద
సూర్యుడి చుట్టూ సాలెగూడు చూపించింది.

"ఎవరు గీశారివి?" అన్నాడు ఇల్గ్వర్స్.
పక్క గ్యారేజీ పిల్లల వంక చూశాడు,
సముద్రపు గాలి వంక చూశాడు.
నేను బకెట్ వంక చూశాను.
పదకొండేళ్ల ఆదివారాలు, అదే స్పాంజి, అడుగున ఇసుక.
గుండ్రంగా, గుండ్రంగా,
ముద్దు చేస్తూ తనే గీసుకున్నాడు.

ఇప్పుడు నుదుటికి దీపం కట్టుకుని
రబ్బరు అంచులకు టేపు అంటించి
జానెడు జానెడు జాగా
మెషిన్‌తో రుద్దుతున్నాడు.
"గీతను తీయలేం, వెల్తా.
చుట్టూ ఉన్నదాన్నే దాని లోతుకు దించాలి."
పై పొర పలచబడదూ?
"పడుతుంది. ఇంకో రెండుసార్లు ఓర్చుకుంటుంది."

నిన్న రాత్రి మాకూ మాటా మాటా పెరిగింది లెండి.
మూడోసారి సంగతి నేను అడగలేదు.

చీకటి పడేసరికి ఒక్క తలుపు నల్లటి నీరైంది.
అందులో ఇద్దరం, కాస్త పొట్టిగా.
గోరు తట్టుకునేంత గీత ఒకటి మిగిలింది.
దాన్ని వదిలెయ్యమన్నాను.

అతను చేతులు కడుక్కునేలోగా
స్పాంజిని చెత్తలో వేసి
పైన బంగాళదుంప తొక్కలు కప్పాను.