ప్రశ్న పద్నాలుగు

పెరుంబాక్కంలో లిఫ్టు ఆగిపోయి పదకొండు రోజులట.
నూట ముప్పై ఆరు మెట్లు ఎక్కి
రొప్పుతూ అడిగాను:
"పాత ఇంటికీ కొత్త ఇంటికీ దూరమెంత?"
మీటర్లలో రాయాలి. గడి చిన్నది.

చెంచులమ్మ నవ్వలేదు.
"ఏ పొద్దు దూరం కావాల నీకు?
తెల్లారి నాలుక్కి చీపురు పట్టుకోని పొయ్యేదా,
మిట్టమజ్జానం బస్సులో నిలబడి వచ్చేదా?"

నా సంచిలో సిద్ధాంతం ఉంది.
స్థలమంటే ముందే పరిచిపెట్టిన చాప కాదనీ
కూర్చునేవాళ్ళు కూర్చుంటూనే అల్లుకునేదనీ
పోయిన వేసవిలో నలభై పేజీలు రాశాను,
ఏసీ గదిలో, ఒక్క మెట్టూ ఎక్కకుండా.

ఆమె డబ్బా మూత తీసి
చింతగింజలు నేల మీద పోసింది.
కూవం ఒడ్డున సందు:
గింజకు గింజ ఆనించి, వంకరగా ఒక వరస.
"ఇది నాది. ఇది మంగాయిది.
ఈడ నేను దగ్గితే ఆడ ఆమె నీళ్ళు ముంచేది."
"మరి ఇప్పుడు?"
గింజ మీద గింజ పెట్టింది. జారింది.
మళ్ళీ పెట్టింది. జారింది.
మూడోసారి నా వైపు చూసింది,
చదువుకున్నదానివి, నువ్వు నిలబెట్టు అన్నట్టు.

నా ఫోనులో మాత్రం చక్కగా నిలబడ్డాయి.
ఎనిమిది అంతస్తులు, అరవై నాలుగు గడపలు,
అక్షాంశం ఒకటే, రేఖాంశం ఒకటే,
అందరూ ఒకరి మీద ఒకరు పడి
ఒక్క ఎర్ర చుక్క.
అదీ కొంచెం పక్కకి జరిగి
చిత్తడి నీళ్ళలో.

గింజలు ఏరుతుంటే చూశాను,
ఒకటి మొదట్నుంచీ ఆమె పిడికిట్లోనే ఉంది.
"అదెవరిది?"
"అంకమ్మది.
లెక్క రాసుకునేవాళ్ళు వచ్చిన పొద్దు ఇంట్లో లేదు.
కూతురి పురిటికని ఒంగోలు పోయింది.
వచ్చేసరికి సందూ లేదు, టోకనూ లేదు."
మూత బిగించింది.

దిగుతూ ఆరో అంతస్తులో ఆగాను.
పొద్దున ఎక్కుతూ తట్టిన తలుపు.
తాళం అలాగే ఉంది. గడప పక్కన
బోర్లించిన బిందె, ఇంకా తడిగా.
నా ఫారంలో ఆ ఇంటికి తొంభై తొమ్మిది వేసి ఉంది,
అంటే ఎవరూ లేరని.
పెన్ను తీశాను.
కింద వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు.