ఏడో నంబరు సాక్ష్యం

కెరిచో కోర్టులో నా పని
ఒక గొంతులోంచి ఇంకో గొంతులోకి మాటలు దాటించడం.
పదకొండేళ్లుగా ఇదే.
ఎవరి ఏడుపైనా "నేను" అనే చెప్పాలి, అది నియమం.

ఆ రోజు చెలంగాట్ తరఫున నేనన్నాను:
"నా భర్త కిమెలి. బోడాబోడా నడిపేవాడు.
ఆ రాత్రి వాన మొదలవకముందే రెండోసారి బయల్దేరాడు."
మగవాణ్ణి, నా భర్త అంటుంటే
మొదట్లో గుమాస్తాలు నవ్వేవారు.
ఇప్పుడు నవ్వరు.

లారీ డ్రైవర్ ముటువా బోనెక్కాడు.
చెడ్డవాడిలా లేడు. చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చాడు.
"వెనక దీపం లేదయ్యా ఆ బండికి.
చీకట్లో చీకటి పోతుంటే ఎట్లా కనబడుతుంది?"
బీమా కంపెనీ వకీలు ఒగేటో ఆ మాటను
చేతిరుమాలులా మడిచి దగ్గర పెట్టుకున్నాడు.

నిర్లక్ష్యం అంటే ఏమిటని ఆమె నన్నడిగింది.
మా భాషలో వెతికాను, సరిపడేది దొరకలేదు.
"కళ్ళు బండెక్కాయి, చూపు ఎక్కలేదు" అన్నాను.
తలూపింది.

రుజువు ఎంత కావాలంది.
టీ తోటలో ఆకు కోసే మనిషి కనక
కాటా ముల్లు పెట్టి చెప్పాను.
హత్య కేసులోలా బుట్ట నిండక్కర్లేదమ్మా,
ముల్లు ఒక్క ఆకంత నీ వైపు మొగ్గితే చాలు.
"ఇరవై రెండేళ్లుగా తూయిస్తున్నాను.
తడి పేరు చెప్పి కిలో, సంచి పేరు చెప్పి అరకిలో.
ముల్లు నా వైపు మొగ్గగా ఎన్నడూ చూళ్ళేదు."
ఇది కోర్టుకి చెప్పమన్నట్టు లేదు.
చెప్పలేదు.

రోడ్డు మీద బ్రేకు గీతలు లేవని పోలీసు కాగితం.
లేని గీతనే ఇద్దరూ పట్టుకు లాగారు.
చూడలేదు కనకే తొక్కలేదని ఆమె వకీలు,
కనపడలేదు కనకే తొక్కలేదని ఒగేటో.
చూడకపోవడానికీ కనపడకపోవడానికీ నడుమ
మూడేళ్ళ వాయిదాలు.

అప్పుడొచ్చాడు నైరోబీ నుంచి వాఫులా,
అగ్గిపెట్టెంత డబ్బాతో.
డబ్బాలో దూది. దూదిలో బల్బు,
చిటికెన వేలి గోరంత.
"ఆరి ఉన్న దీపానికి దెబ్బ తగిలితే
లోపలి తీగ ఎండుపుల్లలా పుటుక్కుమంటుంది.
వెలిగే దీపంలో తీగ మెత్తగా ఉంటుంది, సాగుతుంది.
ఇది సాగింది, చూడండి.
లారీ వచ్చిన వైపుకే సాగింది.
ఆ క్షణాన ఇది వెలుగుతోంది."

వెలుగుతోంది, అన్నాను నేను.

చెలంగాట్ లేచి నిలబడింది.
జడ్జి కూర్చోమన్నా వినలేదు.
ఆమె మాట్లాడింది, నేను మాట్లాడాను:
"ఆ బల్బు మాడి నెల్లాళ్ళు. రోజూ తిట్టేదాన్ని.
రేపు మారుస్తా, రేపు మారుస్తా అనేవాడు.
ఆ రాత్రీ తిట్టే పంపాను.
ఈ డ్రైవర్ చెప్పిందే నిజమనుకున్నాను ఇన్నాళ్ళూ.
మా వకీలుకి కూడా చెప్పుకోలేదు."
ఒగేటో పెన్ను పైకెత్తాడు, బల్బు వంక చూసి
మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"మార్చాడన్నమాట" అంది.
పదకొండేళ్లలో మొదటిసారి
ఒక్క మాట దగ్గర మంచినీళ్ళు అడిగాను.

తీర్పు జూన్‌లో వచ్చింది.
లక్షలు, వడ్డీ, ఖర్చులు,
మెరుపు జాకెట్టు వేసుకోనందుకు కిమెలి వాటా పదో వంతు కోత.
చదివి వినిపించాను. ఆమె వేళ్ళు లెక్కపెట్టలేదు.
ఆ బల్బు ఇస్తారా, అంది.
అప్పీలు గడువు దాటాక, దరఖాస్తు పెట్టుకుంటే.

మెట్ల మీద గొడుగు విప్పబోయి ఆగింది.
"ఆ సాయంత్రం నలభై షిల్లింగులు తక్కువ తెచ్చాడు.
తాగావా, అన్నాను."

ఎదురుగా వాన.
దాటించడానికి అవతల ఎవరూ లేరు.
ఊరికే విన్నాను.