తొమ్మిది పాళ్ళు

రాయదుర్గం దాటి, హగరి ఇసుక మేటల అవతల
వేరుశెనగ పీకేసిన చేను.
తిప్పక్క మాట్లాడుకున్న మంద అది:
మూడు రాత్రులకి ఆరు శేర్ల జొన్నలు, పైన ఇంత రొక్కం.
బీరలింగ గొర్రెల్ని తోలుకొచ్చాడు.
నేను సూదుల పెట్టె మోసుకొచ్చాను.
నూట నలభై తలకాయలు, నీలి నాలుక టీకా.
చివరిది చెవి మీద నల్లమచ్చ ఉన్న పిల్ల,
పొడుస్తుంటే నొప్పి మరిచి నా వేలు చీకింది.

అప్పటికి ఆఖరి బస్సు పోయింది.

చదివిన చదువు ఊరికే ఉండదు గదా.
"ఎండ నూరు పాళ్ళు పడితే
ఆకు పట్టుకునేది ఒక్క పాలు, బీరన్నా.
ఆ ఆకు తిన్న గొర్రె ఒంట్లో నిలిచేది అందులో పదోవంతు.
గొర్రెని తిన్నదాని ఒంట్లో మళ్ళీ పదోవంతు."
బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకున్నాడు.
"మరి ఆ తొమ్మిది పాళ్ళూ ఎవడు తిన్నట్టు?"
"ఎవడూ తినలా. వేడిగా పోతాయి. నష్టం."
"నష్టం" అన్నాడు,
ఆ మాటని దవడ కింద పెట్టుకుని నెమరేస్తూ.

గుట్టల మీద గాలిమరలు
ఎర్రదీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ ఉన్నాయి.
అవి తిప్పిన కరెంటు ఏ ఊరికి పోతుందో
అతనికి తెలీదు, నాకూ తెలీదు.
అతని సెల్లుకి చార్జింగు మాత్రం తిప్పక్క ఇంట్లో,
రోజుకి ఒక గంట.

నడిరేయి కుక్క ఒక్కసారి మొరిగింది.
రెండోసారి మొరగలా.
బ్యాటరీ లైటు వేసి, తలలు వేళ్ళతో తాకుతూ లెక్కబెట్టాడు.
నల్లమచ్చ చెవి లేదు.
తిట్టాడు,
తోడేలుని, దాని తల్లిని, అది పుట్టిన బొరియని.
తిట్లు అయిపోయాక కూలబడ్డాడు.
"దానికీ గుట్టలో పిల్లలుండాయి.
దాని పాలు అది పట్టకపోయింది."

నా లెక్క నా తలలో తిరుగుతూనే ఉంది.
అందుకే కాబోలు ఇంత బయలుకి తోడేళ్ళు నాలుగైదు.
దాని పైన ఇంకో నోరు లేదు,
అంత పైకి చేరేసరికి కూడు మిగలదు.
గడ్డి కోట్లు, గొర్రెలు వందలు,
తోడేలు, చీకట్లో ఒక చప్పుడు.

చలి ముదిరింది. పుల్లలు అయిపోయాయి.
పళ్ళు టకటకలాడుతుంటే విన్నాడేమో,
"ఇట్లా రా" అని మందలోకి జరిపాడు.
పొట్టేలు పక్కకి వీపు ఆనించాను.
పొయ్యి వెనక గోడలా వెచ్చన.
ఎదురుగా ఇంకోటి, కాళ్ళ దగ్గర ఇంకోటి,
చెంగలి గడ్డి వాసన ఊపిరిలో వదులుతూ.
పగటి ఎండంతా అక్కడే ఉంది,
బొచ్చు కింద, మెల్లగా కారిపోతూ.
గొంగడిలోంచి గొంతు:
"ఇదే కదా నువ్వన్న నష్టం?"
నవ్వాడో దగ్గాడో చెప్పలేను.

తెల్లారి తిప్పక్క వచ్చింది.
పెంటికలు పిడికిట తీసి,
విత్తనం కాయలు చూసినట్టు నలిపి చూసింది.
వచ్చే వానకి ఇవి మళ్ళీ ఆకవుతాయి.
ఒక పేడపురుగు అప్పుడే తన ఉండ దొర్లిస్తోంది,
తలకిందులుగా, వెనక్కాళ్ళతో, ఎవరినీ అడక్కుండా.
మట్టి తిరిగొస్తుంది.
వెలుగు తిరిగిరాదు.
నిన్నటిది మా వీపుల మీదుగా ఆకాశానికి పోయింది,
ఇవాల్టిది తూరుపున కొత్తగా మొదలైంది.

ఫారంలో నష్టం అని ఒక గడి ఉంటుంది.
పెన్ను పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను.

పొదుగు బరువుకి తల్లిగొర్రె అరుస్తోంది.
బీరలింగ దాని కాళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి
తల్లి చచ్చిన ఇంకో పిల్లని తెచ్చి పట్టాడు.
తల్లి తన్నింది. వాసన చూసింది. మళ్ళీ తన్నింది.
మూడోసారి ఊరుకుంది.
పిల్ల తోక గిలగిలలాడింది.